పాటకి డబ్బు, వీడియోకి డబ్బు: బెజవాడ, గుంటూరు పాటగాళ్లు ఏ గుమ్మం తొక్కాలి?

సొంతంగా పాట రాసుకుని, బాణీ కట్టుకుని, దానికో వీడియో కూడా తీద్దామనుకునే కుర్రాళ్లు మొదట అడిగేది ఇదే: "గవర్నమెంటు నుంచి ఏమైనా వస్తుందా అన్నా?" వస్తుంది. కాకపోతే మీరు అడిగే దానికి రాదు. మన దగ్గర సర్కారు సొమ్ము కళాకారుడికి వస్తుంది, కచేరీకి వస్తుంది, రిజిస్టరైన సంస్థకి వస్తుంది. నాలుగు నిమిషాల సొంత పాటకి, దాని వీడియోకి అని విడిగా పద్దు దాదాపు లేదనే చెప్పాలి. ఈ తేడా తెలియక నెలల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగి, చివరికి విసిగిపోయి, దొరికిన మొదటి యూట్యూబ్ చానెల్‌కి పాటను అయినకాడికి అమ్ముకున్నవాళ్లు మన ఊళ్లో తక్కువేం లేరు.

అలాంటి పద్దు పెట్టుకున్న దేశాలు లేకపోలేదు. న్యూజిలాండ్‌లో 1989 ప్రసార చట్టంతో ఏర్పడిన ఎన్‌జెడ్ ఆన్ ఎయిర్ అనే ప్రభుత్వ సంస్థ, ఎంపికైన ఒక్కో పాటకు 10,000 న్యూజిలాండ్ డాలర్ల వరకు ఇస్తూ వచ్చింది. రికార్డింగ్, వీడియో, ప్రచారం అన్నీ అందులోనే. కెనడా అయితే రేడియోల్లో స్వదేశీ పాటలు ఇంత శాతం ఉండాల్సిందేనని 1971లో 30 శాతంతో మొదలుపెట్టి, తర్వాత 35కి పెంచింది. మనకెందుకు లేదని అడగడం న్యాయమే. అడుగుదాం. కానీ వచ్చే దసరాకి పాట బయటికి రావాలంటే మాత్రం ఉన్న దారుల్లోంచే ఒకటి ఏరుకోవాలి.

ఏ దారినైనా మూడు ప్రశ్నలతో తూచండి. డబ్బు చేతికి ఎప్పుడొస్తుంది? పాట మీద హక్కు ఎవరి దగ్గర మిగులుతుంది? పాట ఎవరి చెవిన పడుతుంది? మూడింటికీ మంచి జవాబున్న దారి ఒక్కటీ లేదు, కాబట్టే ఈ పోలిక.

ఢిల్లీ సొమ్ము

కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వ శాఖ ఇచ్చేవాటిలో పాటగాళ్లకి పనికొచ్చేవి రెండు. 18 నుంచి 25 ఏళ్ల లోపు వాళ్లకి యువ కళాకారుల స్కాలర్‌షిప్ ఉంది. నెలకి 5,000 రూపాయలు, రెండేళ్లు. ఆ పైన ఫెలోషిప్‌లు: 25 నుంచి 40 మధ్య వాళ్లకి జూనియర్, నెలకి 10,000. 40 దాటినవాళ్లకి సీనియర్, నెలకి 20,000. ఇవీ రెండేళ్లే. సొమ్ము నెలనెలా పడదు, ఆరు నెలలకో వాయిదా చొప్పున వస్తుంది.

ఇక్కడ చూడాల్సింది మొత్తం కాదు, షరతు. స్కాలర్‌షిప్‌కి గురువు దగ్గర ఏళ్ల తరబడి నేర్చుకున్న చరిత్ర కావాలి. కర్ణాటక సంగీతమో, హరికథో, బుర్రకథో, జానపదమో అయితే మీ దరఖాస్తుకి ఆధారం ఉంటుంది. దుర్గాపురంలోని ఘంటసాల ప్రభుత్వ సంగీత కళాశాలలో చదివినవాళ్లకి, గురుముఖంగా నేర్చుకున్నవాళ్లకి ఇది నిజంగా వర్తించే దారి. ల్యాప్‌టాప్ మీద బీట్ చేసి ర్యాప్ రాసే కుర్రాడికి ఇది వర్తించదు. ఆ కుర్రాడికి ప్రతిభ లేదని కాదు, ఫారంలో ఆ గడి లేదు, అంతే.

సంస్థల విషయం వేరు. సాంస్కృతిక కార్యక్రమాలు, ప్రొడక్షన్ల గ్రాంటు కింద సొసైటీలకి, ట్రస్టులకి మామూలుగా 5 లక్షల వరకు, ప్రత్యేక సందర్భాల్లో 20 లక్షల వరకు ఇచ్చే వీలుంది. ఐదు లక్షలనగానే కళ్లు మెరుస్తాయి. కానీ సొసైటీ పాతదై ఉండాలి, ఆడిట్ లెక్కలుండాలి, స్వచ్ఛంద సంస్థలు నమోదు చేసుకునే కేంద్ర ప్రభుత్వ దర్పణ్ పోర్టల్ నంబరుండాలి, ఖర్చుపెట్టాక సొమ్ము దేనికి వాడారో చూపే యుటిలైజేషన్ సర్టిఫికెట్ ఇవ్వాలి. పూర్తి సొమ్ము ముందే చేతికి రాదు, చివరి వాయిదా లెక్కలు తేలాకే. అంటే మీ జేబులోంచి ముందు పెట్టగలిగితేనే ఇది గ్రాంటు, లేకపోతే వడ్డీకి తెచ్చిన అప్పు. పాట కోసం ఈ రోజు సొసైటీ రిజిస్టర్ చేయించుకుందామనే ఆలోచన మానుకోండి. ఇప్పటికే పదేళ్లుగా నడుస్తున్న కళాసమితి ఏదైనా మీ వీధిలో ఉంటే, వాళ్ల కార్యక్రమంలో మీ పాటను ఒక భాగం చేయించుకోవడం తెలివైన పని.

రాష్ట్రం: వేదిక దొరుకుతుంది, సందేశం ఉంటే పాటా కొంటారు

రాష్ట్ర భాషా సాంస్కృతిక శాఖ ప్రధానంగా ఇచ్చేది వేదిక. ఉగాది, ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం, జయంతులు, ఉత్సవాలు. తుమ్మలపల్లి వారి క్షేత్రయ్య కళాక్షేత్రంలోనో, గుంటూరు వెంకటేశ్వర విజ్ఞాన మందిరంలోనో ఇరవై నిమిషాలు పాడే అవకాశం, ఒక శాలువా, పారితోషికం. పారితోషికం ఆలస్యమైతే ఆశ్చర్యపోవద్దు, బిల్లు ఖజానా దాటి రావాలి కదా.

కానీ ఆ ఇరవై నిమిషాలను తక్కువగా చూడకండి. మంచి వెలుతురు, మంచి సౌండు, నిండుగా జనం ఉన్న ఆ వేదిక మీద మీ పాటను మీరే రెండు కెమెరాలతో తీయించుకుంటే అదే మీ లైవ్ వీడియో. ముందుగా నిర్వాహకుల అనుమతి తీసుకోవాలి, సౌండ్ బోర్డు నుంచి ఆడియో విడిగా రికార్డు చేసుకోవడానికి ఆపరేటర్‌తో మాట్లాడుకోవాలి. సర్కారు మీ వీడియోకి పరోక్షంగా డబ్బు పెట్టినట్టే లెక్క.

దరఖాస్తు చేసేవాళ్లకి ఒక మాట. ఫైల్లో ఏముండాలంటే: తెలుగులో ఒక పేజీ లేఖ, ఫొటో, ఆధార్ జిరాక్స్, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, ఇదివరకటి కార్యక్రమాల ఆహ్వాన పత్రికలు, పేపర్ కటింగులు. యూట్యూబ్ లింకు ఒక్కటే వాట్సాప్‌లో పంపి ఊరుకుంటే ఆ సెక్షన్‌లో ఎవరూ తెరవరు. లింకును క్యూఆర్ కోడ్‌గా లేఖ కింద అచ్చు వేయించండి, ఫోన్ పెట్టగానే పాట మొదలవ్వాలి. ఒక కాపీ ఇన్‌వార్డులో (కాగితాలు తీసుకునే సెక్షన్‌లో) ఇచ్చి, మీ కాపీ మీద ముద్ర వేయించుకుని మరీ బయటికి రండి.

సర్కారు నేరుగా పాట కొనే సందర్భం ఒకటుంది: పాటలో సర్కారు సందేశం ఉన్నప్పుడు. ఓటరు చైతన్యం, స్వచ్ఛ సర్వేక్షణ్, రోడ్డు భద్రత, మత్తుమందుల మీద అవగాహన. ఇలాంటివాటికి మున్సిపల్ కార్పొరేషన్లు, జిల్లా యంత్రాంగాలు పాటలు, చిన్న వీడియోలు చేయించుకుంటాయి. చెత్తబండి మీద మోగే పాట కూడా ఎవరో ఒకరు స్టూడియోలో పాడిందే. దీన్ని చిన్నచూపు చూడాల్సిన పనిలేదు. బుర్రకథ నాజర్ ప్రజానాట్యమండలి కోసం చెప్పిన కథలూ ఒక సందేశం కోసమే కట్టినవి. మన పొన్నెకల్లులో పుట్టిన ఆ నాజర్‌కే 1986లో పద్మశ్రీ వచ్చింది. ఇలాంటి పని వస్తే రేటు ముందే కాగితం మీద పెట్టించుకోండి, స్టూడియో ఖర్చు వరకైనా అడ్వాన్సు అడగండి. ఆ డబ్బుతో, అదే టీముతో, మరుసటి రోజు మీ సొంత పాట రికార్డు చేసుకోండి. చాలా స్టూడియోల్లో సొంత పాటలు అలాగే పుడతాయి.

ఆకాశవాణి

1948 డిసెంబరు 1న మొదలైన విజయవాడ కేంద్రం ఇది. బాలాంత్రపు రజనీకాంతరావు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ పనిచేసిన చోటు. బందరు రోడ్డులో పున్నమ్మతోట దగ్గర ఇప్పటికీ ఆడిషన్లు జరుగుతాయి. శాస్త్రీయం, లలితం, జానపదం విభాగాల్లో గ్రేడ్లిస్తారు: బి, బి హై, ఏ, టాప్. గ్రేడును బట్టి రికార్డింగుకు పారితోషికం.

డబ్బు పరంగా చూస్తే ఇది పెద్దదేం కాదు. మీ వీడియోకి ఆకాశవాణితో ఏ సంబంధమూ లేదు. లలిత సంగీతంలో మీ సొంత సాహిత్యాన్ని తీసుకెళ్లి పాడేస్తామంటే కూడా కుదరదు, రచయితకీ సంగీతకర్తకీ కూడా ఆమోదం ఉండాలి. అయినా ఇరవై ఏళ్ల గాయనికి నేను మొదట చెప్పే సలహా ఇదే. "ఆకాశవాణి బి హై గ్రేడ్ ఆర్టిస్ట్" అనే మాట మీ లేఖ మీద ఉంటే రాష్ట్ర శాఖలో ఫైలు కదులుతుంది, దేవస్థానంలో అవకాశం వస్తుంది, బయట ఊరి సభలవాళ్లు ఫోన్ ఎత్తుతారు. ఒకసారి సంపాదిస్తే చాలా ఏళ్లు పనికొచ్చే సర్టిఫికెట్ ఇది. దూరదర్శన్ సప్తగిరిలో కార్యక్రమాలకి వెళ్లేవాళ్లకి కూడా అక్కరకొస్తుంది. ప్రసార భారతి 2024 నవంబరులో వేవ్స్ అనే ఓటీటీ మొదలుపెట్టింది గానీ, మీ పాట అక్కడ పడిందని చెప్పుకోవడానికే తప్ప జనాన్ని తెచ్చిపెట్టే చోటుగా దాన్ని ఇప్పుడే లెక్కేసుకోవద్దు.

భక్తి పాటలు పాడేవాళ్లకి ఇంకో గుమ్మం ఉంది, తిరుపతిలో. టీటీడీ అన్నమాచార్య ప్రాజెక్టు 1978 నుంచీ ఉంది, సంకీర్తనలు స్వరపరిచి రికార్డు చేసే ఏర్పాటు వాళ్ల దగ్గరే ఉంది, ఎస్వీబీసీ చానెల్ ఉంది. మీ గొంతుకి ఇది గొప్ప వేదిక. మీ సొంత రచనకి కాదు. ఇక్కడ ఇంద్రకీలాద్రి మీద దసరా పది రోజులూ సాంస్కృతిక కార్యక్రమాలుంటాయి, వాటికి దరఖాస్తు చాలా ముందుగా పెట్టుకోవాలి.

చానెల్‌కి అమ్మేయడం

డబ్బు అన్నిటికన్నా తొందరగా వచ్చేది ఇక్కడే. అన్నిటికన్నా ఎక్కువ పోయేదీ ఇక్కడే. వీడియో ఖర్చు మేమే పెట్టుకుంటాం, మీకింత అంటారు. వంద రూపాయల స్టాంపు పేపరు మీద రెండు పేజీలు టైపు చేసి తెస్తారు. అందులో ఇలాంటి వాక్యం ఒకటి తప్పకుండా ఉంటుంది: "సదరు గీతమునకు సంబంధించిన సమస్త హక్కులను శాశ్వతముగాను, ప్రపంచవ్యాప్తముగాను, ఇప్పుడున్న మరియు ఇకముందు రాబోవు అన్ని మాధ్యమములకును..." సంతకం పెట్టే ముందు ఆ వాక్యం దగ్గర ఆగండి.

ఎందుకంటే 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించాక పరిస్థితి మారింది. పాట రాసినవాళ్లు, బాణీ కట్టినవాళ్లు హక్కులు అమ్మినా, ఆ పాట వాడకం మీద తమకు రావాల్సిన రాయల్టీ వాటాను వదులుకున్నట్టు రాయించుకోవడం చెల్లదు. వారసులకో, కాపీరైట్ సొసైటీకో తప్ప దాన్ని ఇంకెవరికీ రాసివ్వలేరు. ఒప్పందం రాసేనాటికి వాడుకలో లేని మాధ్యమాన్ని ప్రత్యేకంగా పేర్కొనకపోతే దాని హక్కు వెళ్లదు. ఒప్పందంలో గడువు రాయకపోతే ఐదేళ్లే అని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని చట్టం అనుకుంటుంది. అందుకే వాళ్లు "శాశ్వతముగా" అని గుర్తుపెట్టుకుని మరీ రాయిస్తారు. మీరు దాన్ని కొట్టేసి "ఐదేళ్లు" అని రాయమనండి. బేరం చెడిపోతుందని భయపడతారు గానీ, నిజంగా పాట నచ్చినవాడు ఐదేళ్లకీ తీసుకుంటాడు.

రచయిత, సంగీతకర్త ఐపీఆర్ఎస్‌లో సభ్యత్వం తీసుకోవాలి. పాట వాడినవాళ్ల దగ్గర రాయల్టీ వసూలు చేసి సభ్యులకి పంచే సొసైటీ ఇది, 1969లో ఏర్పడింది. గాయనీ గాయకులకి వేరే సంఘం ఉంది, ఇదివరకు ఇస్రా అనేవారు, ఇప్పుడు ఇసామ్రా అంటారు. పాటను కాపీరైట్ ఆఫీసులో నమోదు చేయించుకోవాలంటే సాహిత్యానికి 500, సంగీతానికి 500, రికార్డింగుకి 2,000 రూపాయల రుసుము. నమోదు తప్పనిసరి కాదు, హక్కు పాట పుట్టినప్పుడే పుడుతుంది. కానీ రేపు తగాదా వస్తే కాగితం మాట్లాడుతుంది.

జానపదం చేసేవాళ్లకి ఇంకో చిక్కు. ఊళ్లో అవ్వ పాడిన పాట ఎవరి సొత్తూ కాదు. కానీ అదే పాటను ముందుగా పెద్ద చానెల్‌లో పెట్టినవాళ్ల నుంచి మీ వీడియో మీద కంటెంట్ ఐడీ క్లెయిమ్, అంటే ఈ పాట మాదేనని యూట్యూబ్ ద్వారా పెట్టే దావా, వచ్చి పడొచ్చు. మీ రికార్డింగు సెషన్ ఫైళ్లు, అవ్వ పాడుతుండగా ఫోన్లో తీసిన వీడియో దాచుకోండి, అభ్యంతరం పెట్టడానికి అవే ఆధారం. అవ్వ పేరు వివరణలో వేయండి, ఆమెకి డబ్బివ్వండి. ఇది చట్టం చెప్పలేదు, నేను చెబుతున్నాను.

సొంత చానెల్

హక్కంతా మీదే, ఖర్చూ మీదే. యూట్యూబ్ ప్రకటనల్లో వాటా రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి, లేదంటే 90 రోజుల్లో షార్ట్స్‌కి కోటి వ్యూస్. లెక్క వేయండి. 4,000 గంటలంటే 2,40,000 నిమిషాలు. మీ పాటను సగటున రెండు నిమిషాలు చూస్తే 1,20,000 వ్యూస్ కావాలి, అదీ ఏడాదిలోపు. ఒక్క పాటతో అయ్యే పని కాదు. డబ్బిచ్చి ప్రకటన రూపంలో తెచ్చుకున్న వీక్షణ గంటలు ఈ లెక్కలోకి రావు, ప్రచారం చేసిపెడతామని వచ్చే ఏజెంట్లు ఈ సంగతి చెప్పరు. "లక్ష వ్యూస్ గ్యారంటీ" అనేవాడిని నమ్మి డబ్బు పెట్టడం కన్నా ఆ డబ్బుతో ఇంకో పాట రికార్డు చేసుకోవడం మేలు.

ఆడియోను డిస్ట్రిబ్యూటర్ (పాటను యాప్‌లన్నిటికీ చేర్చే సంస్థ) ద్వారా స్పాటిఫై, జియోసావన్, గానా లాంటివాటికి పంపడం ఈ రోజుల్లో సులువు, చవక. ఆదాయం మీద ఆశ మాత్రం పెట్టుకోకండి. 2024 నుంచి స్పాటిఫైలో గడిచిన 12 నెలల్లో 1,000 సార్లు వినకపోతే ఆ పాటకి పైసా లెక్కించరు. అసలు లాభం వేరే: మీ పాట ఇన్‌స్టా రీల్స్ ఆడియోలోకి వెళ్తుంది. మన దగ్గర పాట పాకేది అక్కడి నుంచే. పెళ్లి వీడియోల వాళ్లు, కాలేజీ పిల్లలు వాడుకునే పదిహేను సెకన్ల ముక్క ఏదో పాట చేసేటప్పుడే ఆలోచించుకోండి.

స్పాన్సర్లు

బీసెంట్ రోడ్డు బట్టల షాపులు, గుంటూరు మిర్చి వ్యాపారులు, ఇంజినీరింగ్ కాలేజీలు, రియల్ ఎస్టేట్ వాళ్లు. ఫైలు లేదు, ఆడిట్ లేదు, నచ్చితే సాయంత్రానికే ఇస్తారు. బదులుగా మొదట్లో లోగో, చివర్లో కృతజ్ఞతలు, వీలైతే షాపు ముందు ఒక షాట్. పాట మధ్యలో యజమాని నడుచుకుంటూ రావాలంటే మాత్రం ఒప్పుకోకండి. ఒకరి దగ్గర మొత్తం తీసుకోవడం కన్నా నలుగురి దగ్గర కొంచెం కొంచెం తీసుకుంటే అలాంటి కోరికలు తగ్గుతాయి. యూట్యూబ్‌లో పెట్టేటప్పుడు పెయిడ్ ప్రమోషన్ ఉందని టిక్ పెట్టండి. పెద్ద కంపెనీలు సమాజం కోసం ఖర్చుపెట్టే సీఎస్ఆర్ నిధుల గురించి కొందరు చెబుతుంటారు. కళలు, సంస్కృతి ఆ జాబితాలో ఉన్న మాట నిజమే, కానీ అది నమోదైన సంస్థలకి. వ్యక్తుల బృందానికి అందదు.

మరి ఎవరు ఏది పట్టుకోవాలి

శాస్త్రీయం, లలితం పాడేవాళ్లయితే ఆకాశవాణి ఆడిషన్ ముందు, వయసు సరిపోతే ఢిల్లీ స్కాలర్‌షిప్ తర్వాత. వీడియో మీద పెద్దగా ఖర్చు పెట్టొద్దు. మంచి గదిలో, మంచి మైకుతో, ఒకే షాట్‌లో తీసిన పాట చాలు. మీ శ్రోతలకి డ్రోను షాట్లు అక్కర్లేదు. భక్తి పాటలవాళ్లు కూడా ఆడిషన్‌తోనే మొదలుపెట్టి, దాంతో దేవస్థానాల దారి పట్టాలి.

జానపదం చేసే బృందానికి సొంత చానెల్, స్పాన్సర్లు, రాష్ట్ర శాఖ వేదికలు మూడూ కలిపి నడుస్తాయి. అమ్మాల్సి వస్తే ఐదేళ్ల గడువుతో, ఒక్క పాట మాత్రమే అమ్మండి. ఆ పాట వల్ల మీ పేరు బయటికొస్తే మిగతావి మీ చానెల్‌లో నడుస్తాయి.

ర్యాప్, రాక్ బ్యాండ్లకి సర్కారు దారిలో దొరికేది దాదాపు లేదు, సందేశం పాటలు తప్ప. ఆ ఆశతో రోజులు పోగొట్టుకోకండి. కాలేజీ ఫెస్టుల ఫీజు, రెండు మూడు స్పాన్సర్‌షిప్‌లు, సొంత చానెల్. చేతిలో లక్ష ఉందనుకోండి, నేనైతే నలభై వేలు రికార్డింగు, మిక్సింగుకి, ముప్పై వేలు వీడియోకి పెట్టి, మిగతా ముప్పై వేలు పాట విడుదలయ్యాక రెండు నెలల పాటు రీల్స్ చేయించడానికి దాచుకుంటాను. మామూలుగా అందరూ ఎనభై వేలు వీడియోకే పోసి, ప్రచారానికి వచ్చేసరికి చేతులెత్తేస్తారు.

షూటింగు చోట్ల సంగతి చివర్లో ఆలోచిస్తే మొదటి రోజే ఆగిపోతుంది. ఉండవల్లి గుహలు కేంద్ర పురావస్తు శాఖవి, కెమెరా స్టాండు దించితేనే అనుమతి పత్రం అడుగుతారు. భవానీ ద్వీపానికి టూరిజం వాళ్లని అడగాలి. ప్రకాశం బ్యారేజీ మీద ట్రాఫిక్ ఆపి పాట తీద్దామనుకోవద్దు, అక్కడ డ్రోను ఎగరేస్తే పోలీసులకి జవాబు చెప్పుకోవాలి. కృష్ణ కావాలంటే సీతానగరం వైపు గట్టు మీద పొద్దున్నే ఆరింటికి వెళ్లండి. వెలుతురు బాగుంటుంది, బ్యారేజీ వెనకాల కనిపిస్తుంది, అప్పటికింకా జనం ఉండరు.